పెద్దాయన లేని శుక్రవారం

ఈసారి ప్రశ్నలన్నీ డ్రైవ్-ఇన్ థియేటర్ చుట్టూనే. అమెరికాలో ఉంటున్న మన పాఠకులు కొందరు, తమ ఊరి డ్రైవ్-ఇన్ యజమాని సీజను నడిమధ్యన హఠాత్తుగా కన్నుమూస్తే ఆ ఇంటివాళ్ళకు ఏ విధంగా చేదోడు కావచ్చో అడిగారు. కార్లో కూర్చుని చూసే సినిమా సంగతి తెలియనివాళ్ళు చివరి నుంచి రెండో ప్రశ్న ముందు చదువుకుంటే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

ప్రశ్న: మా ఊరి డ్రైవ్-ఇన్ పెద్దాయన బుధవారం గుండెపోటుతో పోయారు. టికెట్లు ఇచ్చేది ఆయనే, ప్రొజెక్టర్ వేసేదీ ఆయనే. మా అబ్బాయి వేసవిలో అక్కడ క్యాంటీన్లో పనిచేస్తాడు. శుక్రవారం షో ఆపొద్దని, ఆయనకు అదే ఇష్టమని ఆయన భార్య అంటున్నారు. ప్రొజెక్టర్ ఉండే బూత్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. రెండు రోజుల్లో అయ్యే పనేనా? – ఒక పాఠకురాలు, ఒహాయో

అయ్యే పనే. అయితే ప్రొజెక్టర్ గురించి కంగారు పడేముందు తాళం సంగతి తేల్చుకోండి. ఇనప తాళం కాదు, కేడీఎం అనే చిన్న ఫైలు. ఇప్పుడు సినిమా రీళ్ళలో రాదు. డీసీపీ అనే ఫైళ్ళ మూటగా, హార్డ్ డిస్కులోనో శాటిలైట్ మీదుగానో వస్తుంది. ఆ మూటకు తాళం వేసి ఉంటుంది. తెరిచే కేడీఎం ఆ ఒక్క సినిమాకు, ఆ ఒక్క సర్వరుకు (సినిమాను దాచుకుని ప్రొజెక్టర్‌కు అందించే కంప్యూటర్), ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మాత్రమే పనిచేస్తుంది. దాన్ని ఈమెయిల్లో పంపుతారు. ఒంటిచేత్తో నడిపే థియేటర్లో ఆ ఈమెయిలు వచ్చేది యజమాని ఫోనుకే. ఫోనుకు పాస్‌వర్డు ఉంది, అది ఆయనతోనే పోయింది. షో ఆగితే ముందు ఇక్కడే ఆగుతుంది.

సర్వరు మీద అంటించిన చీటీ మీద, లేదా దాని మెనూలో, సీరియల్ నంబరు ఉంటుంది. ఫొటో తీసుకోండి. బూత్ గోడ మీదో సొరుగులోనో బుకింగ్ ఏజెంటు ఫోన్ నంబరు దొరకాలి. చిన్న థియేటర్లకు సినిమాలు కుదిర్చేది ఎక్కువగా ఆ ఏజెంట్లే. విషయం చెప్పి, థియేటర్ పేరు, ఊరు, సర్వరు నంబరు, సినిమా పేరు ఇచ్చి కేడీఎంను మరో ఈమెయిలుకు పంపించమనండి. జిప్ విప్పి, ఎక్స్‌ఎంఎల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఏ ఫోల్డర్లోనూ పెట్టకుండా పైనే ఉంచి సర్వరులోకి ఎక్కించండి. సినిమా ఫైళ్ళు ఇంకా ఎక్కకపోయి ఉంటే దానికి వేరుగా టైము కావాలి. రెండు గంటల సినిమా సుమారు 150 నుంచి 250 జీబీ ఉంటుంది, డిస్కు నుంచి ఎక్కడానికే గంట నుంచి కొన్ని గంటలు పడుతుంది. 'తాళం ఇంకా చెల్లదు' అని సర్వరు చెబితే గడియారం మార్చుదామని చూడకండి. భద్రత కోసం ఆ గడియారాన్ని ఏడాది మొత్తంలో 6 నిమిషాలకు మించి జరపనివ్వదు. తప్పు కేడీఎంలో రాసిన సమయంలోనే ఉండాలి, కొత్తది అడగడమే దారి.

తర్వాత దీపం. డ్రైవ్-ఇన్ తెర పెద్దది, దూరం ఎక్కువ కాబట్టి ఆరేడు కిలోవాట్ల జెనాన్ దీపాలు వాడతారు (కొత్త థియేటర్లలో లేజర్ వచ్చింది). ఆ గాజు బుడ్డిలో వాయువు చల్లగా ఉన్నప్పుడే ఎంతో ఒత్తిడితో ఉంటుంది, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. పగిలితే ముక్కలు బుల్లెట్లలా ఎగురుతాయి. ముఖానికి షీల్డు, మందపాటి జాకెట్, చేతులకు గ్లౌజులు లేకుండా దీపం ఉండే పెట్టె తలుపు తెరవకూడదు. వేలిముద్ర పడినా ఆ మచ్చ దగ్గర వేడి నిలిచి క్వార్ట్‌జ్ దెబ్బతింటుంది. మెనూలో దీపం ఎన్ని గంటలు వెలిగిందో చూడండి. వారంటీ గంటల లోపు ఉంటే ముట్టుకోకండి, దాటి ఉంటే టెక్నీషియన్ను పిలవండి. దీపం మార్చడం మాత్రం ఎంత చురుకైన కుర్రాడైనా వీడియో చూసి నేర్చుకునే పని కాదు.

శుక్రవారం సాయంత్రం వరస ఇది: ముందు ప్రొజెక్టర్ వేడిని బయటికి లాగే పొగగొట్టం ఫ్యాను, ఆ తర్వాత ప్రొజెక్టర్, షోకు అరగంట ముందు దీపం. షో అయ్యాక దీపం ఆర్పి, మెయిన్ స్విచ్ మాత్రం వెంటనే తీయకండి. పది పదిహేను నిమిషాలు లోపలి ఫ్యాన్లు తిరిగి దీపాన్ని చల్లార్చాలి. ఇంటికెళ్ళే హడావుడిలో కొత్తవాళ్ళు చేసే తప్పు ఇదే.

శబ్దాన్ని కార్ల రేడియోలకు పంపడానికి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. గురువారం రాత్రే ఒక కారు ముందు వరసలో, ఒకటి చివరి మూలలో పెట్టి వినండి. బొంయ్‌మని హమ్ వస్తుంటే సౌండ్ ప్రాసెసర్‌కూ ట్రాన్స్‌మిటర్‌కూ వేర్వేరు ఎర్తింగు ఉన్నట్టు, మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పోతుంది. మాటలు చిట్లినట్టు వినిపిస్తే లోపలికి పంపే లెవెల్ ఎక్కువైంది, తగ్గించండి. చివరి వరసకు అందలేదని మాత్రం పవర్ పెంచవద్దు. లైసెన్సు లేని ఎఫ్ఎంకు అమెరికాలో పరిమితి 3 మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు. యాంటెన్నాను మైదానం మధ్యకు జరపడం దానికి సరైన మందు.

గురువారం రాత్రికి తాళం చేతికి రాకపోతే ఈ వారం వదిలేయండి. కార్లు వచ్చి వరసల్లో నిలబడ్డాక తెర నల్లగా ఉండిపోవడం ఆ ఇంటికి రెండో దెబ్బ.

ప్రశ్న: సినిమాకు ముందు రెండు నిమిషాల నివాళి వీడియో వెయ్యాలనుకుంటున్నాం. లాప్‌టాప్‌లో చేశాను, చాలా బాగుంది. నేరుగా ప్రొజెక్టర్‌కు పెట్టొచ్చా? – మిషిగన్

లాప్‌టాప్‌లో బాగున్నది డ్రైవ్-ఇన్ తెర మీద బాగుండకపోవచ్చు. హాల్లో తెర చుట్టూ చీకటి. ఇక్కడ ఆకాశం వెలుతురు, రోడ్డు లైట్లు, క్యాంటీన్ లైట్లు అన్నీ తెర మీద పడి నలుపు రంగును బూడిద చేస్తాయి. బూత్‌లో నిలబడి తీసిన మసక ఫొటో, చీకట్లో తీసిన పెళ్ళి ఫొటో ఇక్కడ పూర్తిగా మునిగిపోతాయి. పగటి వెలుతురులో, ముఖం పెద్దగా ఉన్నవి ఎంచుకోండి. పాత 4×6 ప్రింట్లను 300 డీపీఐలో స్కాన్ చేస్తే 1200×1800 చుక్కలు వస్తాయి, 1080 ఎత్తున్న తెరకు అది చాలు. నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు, ఒక్కో అక్షరం కనీసం 80 చుక్కల ఎత్తు, కార్డుకు మూడు లైన్లు మించకుండా, ఒక్కోటి 8 నుంచి 10 సెకన్లు. అడుగు భాగంలో ఏమీ రాయకండి. వెనక వరసలవాళ్ళకు ముందున్న ఎస్‌యూవీలు దాన్ని కప్పేస్తాయి.

దాన్ని డీసీపీగా మార్చితే సర్వరే మిగతా ట్రైలర్లతో కలిపి వేసుకుంటుంది. డీసీపీ-ఓ-మ్యాటిక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. సెకనుకు 24 ఫ్రేములు, ఫ్లాట్ (మామూలు వెడల్పు బొమ్మ) అయితే 1998×1080, స్కోప్ (ఇంకా వెడల్పు బొమ్మ) అయితే 2048×858, శబ్దం 48 కిలోహెర్ట్‌జ్. ఆ రాత్రి సినిమా ఏ ఆకారంలో ఉంటే నివాళీ అదే ఆకారంలో చెయ్యండి, లేకపోతే మధ్యలో లెన్సు జరుగుతూ బొమ్మ కుదుపుతుంది. ఎన్‌క్రిప్షన్ పెట్టకండి, పెడితే దానికీ తాళం కావాలి. డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ3 పద్ధతిలో, ఐనోడ్ సైజు 128తో ఫార్మాట్ చెయ్యండి. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేసిన డిస్కును కొన్ని సర్వర్లు చదవకపోవచ్చు.

శబ్దం గురించి ఒక్క మాట. మౌనంగా ఫొటోలు నడిపితే, కార్లలో ఉన్నవాళ్ళు రేడియో పోయిందనుకుని స్టేషను తిప్పడం మొదలుపెడతారు. ఏదో ఒక ధ్వని ఉండాలి. సినిమా పాటలు వేస్తే హక్కుల తలనొప్పి. అంతకన్నా మంచిది ఆయన గొంతే ఉండొచ్చు: థియేటర్‌కు ఫోన్ చేస్తే 'ఈ వారం ఫలానా సినిమా, గేట్లు ఏడింటికి' అని వినిపించే రికార్డింగు. ఎవరైనా కొత్త షో టైములు రికార్డు చేస్తే పాతది తుడిచిపెట్టుకుపోతుంది, ఫోన్ కనెక్షన్ తీసేసినా పోతుంది. ఈరోజే ఆ నంబరుకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, పక్కన ఇంకో ఫోన్‌తో రికార్డు చెయ్యండి. ఫ్రిజ్ లేని గదిలో, కిటికీలు మూసి, రెండుసార్లు. ఆన్సరింగ్ మెషీను దొరికితే దాని నుంచి వైరు వేసి తీసుకుంటే ఇంకా స్పష్టంగా ఉంటుంది. అందులో ఉన్నది పోయిన వారం సినిమా పేరైనా సరే, కత్తిరించకండి.

ప్రశ్న: ఆయన కోసం కార్లన్నీ ఒకేసారి హెడ్‌లైట్లు వెయ్యాలని కుర్రాళ్ళు అంటున్నారు. బ్యాటరీలు పోతాయేమో? – న్యూయార్క్ రాష్ట్రం

నిమిషానికి ఏమీ పోదు. మామూలు హాలోజెన్ దీపాలు రెండూ కలిసి 110 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. కార్లు మొండికేసేది నాలుగైదు గంటలు ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి రేడియో వినడం వల్ల. దానికి ఎటూ రెండు జంప్ ప్యాకులు (బ్యాటరీ అయిపోయిన కారును స్టార్ట్ చేయించేవి) క్యాంటీన్లో ఉండాలి.

ఇబ్బంది వేరే ఉంది. డ్రైవ్-ఇన్‌లో షో నడుస్తుండగా హెడ్‌లైటు వేస్తే అది పెద్ద తప్పు, తెర తెల్లబారిపోతుంది. అందుకే ఈ నివాళి అక్కడివాళ్ళకు అంతగా తగులుతుంది కూడా. నివాళి వీడియో కన్నా ముందు, బొమ్మ పడకముందే పెట్టుకోండి. రేడియోలో పది అంకెలు లెక్కపెట్టి 'ఇప్పుడు' అనండి, నిమిషం తర్వాత ఆర్పమని చెప్పండి. కొత్త కార్లలో పగటి దీపాలు వాటంతటవే వెలుగుతాయి, ఆర్పడం తెలియనివాళ్ళు ఉంటారు. పార్కింగ్ బ్రేకు పూర్తిగా వేసి ఇగ్నిషన్ తిప్పితే చాలా కార్లలో ఆరిపోతాయి, కాకపోతే ఒక తువ్వాలు కప్పండి. చీకట్లో మనుషులు నడిచే దారి కాబట్టి ఆ నిమిషం ఎవరినీ కదలనివ్వకండి. హారన్ల సంగతి పక్కింటివాళ్ళను అడిగి నిర్ణయించుకోండి.

ప్రశ్న: గేటు పక్కన పెద్ద బోర్డు మీద ఆయన పేరు పెట్టాలి. ఎలా రాస్తే బాగుంటుంది? – పెన్సిల్వేనియా

ముందు అక్షరాల పెట్టె విప్పి లెక్కపెట్టండి. ఏ అక్షరం ఎన్ని ఉందో తెలియకుండా వాక్యం రాస్తే నిచ్చెన మీద నిలబడి ఏడవాలి. ఒక 'ఎమ్' తక్కువైతే 'డబ్ల్యు'ను తలకిందులు చేసుకోవచ్చు. సాధారణంగా మూడు వరసలు: పేరు, బాధ్యత తీసుకున్న ఏడాది నుంచి ఈ ఏడాది దాకా అంకెలు, ఈ రాత్రి సినిమా. మూడో వరసను తీసేసి అంతా నివాళికే ఇచ్చేవాళ్ళున్నారు. మా ఓటు మాత్రం సినిమా పేరుకే. అది కనిపించకపోతే థియేటర్ మూసేశారనుకుని జనం వెనక్కి తిరుగుతారు.

ప్రశ్న: పరామర్శకు వెళ్తే దండ తీసుకెళ్ళొచ్చా? – పేరు రాయలేదు

దండ వద్దు. పేపర్లో వచ్చిన సంతాప ప్రకటన చివర పూలకు బదులు ఫలానాదానికి విరాళం ఇమ్మని రాసి ఉండొచ్చు, అది చూసి చెయ్యండి. ఒక కార్డు, వేడి చేసుకుని తినే ఏదైనా వంటకం చాలు. కారం తగ్గించండి.

ప్రశ్న: ఆవిడ థియేటర్ నడపాలనుకుంటే కాగితాలపరంగా ముందు ఏం చూడాలి? – ఒహాయో నుంచే మరొకరు

థియేటర్ సొంత పేరు మీద ఉందా, ఎల్‌ఎల్‌సీ (యజమాని నుంచి వేరుగా చూసే చిన్న కంపెనీ) పేరు మీదా అన్నది మొదటి ప్రశ్న. ఎల్‌ఎల్‌సీ అయితే సంస్థ బతికే ఉంటుంది, ఎవరు సంతకం పెట్టాలన్నదే మిగులుతుంది. సొంత పేరైతే ఆయన పన్ను నంబరుతో ఎస్టేటు (ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి) లావాదేవీలు చేయకూడదు, కొత్త నంబరు తీసుకోవాలి. బ్యాంకు ఖాతాలు కోర్టు ఇచ్చే ఉత్తర్వు దాకా కదలకపోవచ్చు. మరణ ధ్రువపత్రం అసలు ప్రతులు పది తీసుకోండి, బ్యాంకు, బీమా, కౌంటీ అందరూ ఒక్కోటి అడుగుతారు. బీమా కంపెనీకి షో వేసేముందే చెప్పాలి. పాలసీలో పేరున్న మనిషి లేడని తర్వాత తెలిస్తే, చీకట్లో ఎవరైనా కాలు జారి పడ్డ కేసులో అది మెడకు చుట్టుకుంటుంది. క్యాంటీన్ ఆరోగ్య అనుమతి ఎవరి పేరున ఉందో కూడా చూడండి. మిగతాది అక్కడి వకీలు పని.

ప్రశ్న: క్యాంటీన్లో సాయానికి మన తెలుగువాళ్ళం నలుగురం వెళ్తున్నాం. పాప్‌కార్న్ మిషన్ ఎప్పుడూ ముట్టుకోలేదు. – ఇండియానా

8 ఔన్సుల కెటిల్ (గింజలు పేలే గిన్నె) అయితే 8 ఔన్సుల గింజలు, రెండున్నర నుంచి 3 ఔన్సుల కొబ్బరినూనె, పాప్‌కార్న్‌కు వాడే మెత్తటి ఉప్పు ఒక చెంచా. మామూలు ఉప్పు గింజకు అంటదు, అడుగున మిగులుతుంది. కెటిల్ పూర్తిగా వేడెక్కాకే పోయాలి. పేలుళ్ళ మధ్య రెండు మూడు సెకన్ల ఎడం రాగానే ఒంపేయాలి, వెంటనే వేడి ఆపాలి లేదా తర్వాతి వాయి వెయ్యాలి. ఖాళీ కెటిల్ వేడి మీదే ఉంటే మిగిలిన నూనె మాడి, ఆ వాసన రాత్రంతా పోదు. గింజలు సగం పేలకుండా మిగిలితే తప్పు మీది కాదు. గింజలో 14 శాతం దాకా తేమ ఉండాలి. మూత తీసిన సంచీలో నెలల తరబడి ఉంటే అది ఆరిపోతుంది. కొత్త సంచీ విప్పండి.

థియేటర్ నిలబడేది ఇక్కడేనని గుర్తుంచుకోండి. టికెట్ డబ్బులో పెద్ద భాగం పంపిణీదారుకు పోతుంది, కొత్త సినిమా మొదటి వారాల్లో సగం పైనే. పులిహోర, పెరుగన్నం క్యారియర్లో తెచ్చుకునే అలవాటు మనకు ఎలాగూ ఉంది. చాలా డ్రైవ్-ఇన్‌లు కొద్ది డాలర్లకు బయటి తిండి పర్మిట్ అమ్ముతాయి. దొంగచాటుగా డిక్కీలో దాచకుండా ఆ పర్మిట్ కొనుక్కోండి, దాంతోపాటు ఒక పాప్‌కార్న్ టబ్బు కూడా.

ప్రశ్న: ఆయన జ్ఞాపకంగా అదే తెర మీద తెలుగు సినిమా వేయించాలని మా సంఘం కోరిక. జూన్‌లో కుదురుతుందా? – మిషిగన్

జూన్ వద్దు. మీవైపు జూన్‌లో సూర్యుడు దిగేసరికి తొమ్మిది దాటుతుంది. ఇంకో అరగంట ఆగితే గానీ బొమ్మ కనబడదు. మన సినిమా రెండు ముప్పావు గంటలు, ఇంటర్వెల్‌తో కలిపి ఒంటిగంట. పిల్లలు నిద్రపోతారు, ఊరి శబ్ద నిబంధనలూ అడ్డం రావచ్చు. సెప్టెంబరు రెండో సగం పెట్టుకుంటే ఎనిమిదిన్నరకల్లా మొదలవుతుంది. ఓవర్సీస్ పంపిణీదారు నుంచి డీసీపీ, కేడీఎం రెండూ రావాలి. ఓటీటీలో ఉంది కదా అని లాప్‌టాప్ నుంచి వేస్తే అది చట్టవిరుద్ధ ప్రదర్శన, నష్టపోయేది ఆ కుటుంబం. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి కాబట్టి ఎత్తు కార్లను వెనక వరసలకు, పక్కలకు పంపండి. వెనక డోరు ఎత్తి కూర్చునేవాళ్ళకు తాడు ఇచ్చి, డోరును కారు పైకప్పు ఎత్తుకు దించి కట్టించండి.

ప్రశ్న: అసలు ఈ డ్రైవ్-ఇన్ ఏమిటి? ఒక థియేటర్ ఓనరు పోతే ఊరు ఊరంతా ఇంతగా బాధపడడం విచిత్రంగా ఉంది. – విజయవాడ

1933 జూన్ 6న న్యూజెర్సీలో క్యామ్డెన్ దగ్గర రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన మొదటి పేటెంటు డ్రైవ్-ఇన్ తెరిచాడు. ముందు తన ఇంటి దగ్గరే కారు బానెట్ మీద ప్రొజెక్టర్ పెట్టి, చెట్లకు దుప్పటి కట్టి, వాన పడితే ఎలా ఉంటుందోనని గడ్డికి నీళ్ళు చిమ్మే గొట్టం కారు మీద తిప్పి మరీ చూసుకున్నాడు. ఆయన కనిపెట్టిన అసలు విషయం తెర కాదు, మట్టి గట్టు. ముందు చక్రాలు గట్టెక్కితే కారు ముక్కు లేస్తుంది, వెనక కారుకు ముందు కారు అడ్డం రాదు. మొదట్లో శబ్దం తెర దగ్గర స్పీకర్ల నుంచే వచ్చేది. 150 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకు అది దాదాపు అర సెకను ఆలస్యం, పెదవి కదిలాక మాట వినపడేది. 1940లలో కారు కిటికీకి తగిలించే స్పీకర్లు, ఆ తర్వాత ఎఫ్ఎం వచ్చాక అది తీరింది. 1934లో తెరిచిన పెన్సిల్వేనియాలోని షాంక్‌వైలర్స్ నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాతది.

1950ల చివరికి నాలుగు వేలు దాటిన థియేటర్లు ఇప్పుడు మూడు వందల చిల్లర. భూమి విలువ పెరిగింది, రాత్రికి ఒక్క షో, చలిదేశంలో ఏడాదికి ఆరేడు నెలలే. 2013 ప్రాంతంలో సినిమా కంపెనీలు రీళ్ళు ఆపేసినప్పుడు డెబ్బై వేల డాలర్ల పైచిలుకు పెట్టి డిజిటల్ ప్రొజెక్టర్ కొనలేక చాలామంది మూసుకున్నారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒక కుటుంబం చేతుల మీద నడిచేవే. గడ్డి కోసేది, తెరకు తెల్లరంగు వేసేది, తప్పిపోయిన పిల్లాడి పేరు మైకులో చదివేది ఒకే మనిషి. మన పల్లెల్లో టూరింగ్ టాకీస్ నడిపినాయన్ను తలుచుకోండి, అర్థమవుతుంది. మన దేశంలో అహ్మదాబాద్‌లో సన్‌సెట్ డ్రైవ్-ఇన్ 1973లో వచ్చింది. మద్రాసు వెళ్ళే మనవాళ్ళకు ఈసీఆర్ రోడ్డు మీది ప్రార్థన పేరు తెలుసు. ఆంధ్ర, తెలంగాణల్లో ఇది పెద్దగా పాకలేదు. ఎండ, వాన, సెంటు భూమి ధర — మూడూ అడ్డమే.

ప్రశ్న: అక్టోబరులో సీజను అయిపోయింది. ఆయన ఉంటే చలికాలం ఏం చేసేవారో తెలియదు. తాళం వేసి వచ్చేయమంటారా? – ఒహాయో

వేసి వచ్చేస్తే ఏప్రిల్‌లో సర్వరు చచ్చి ఉండొచ్చు. సినిమా తాళాలు తెరవడానికి కావాల్సిన డిజిటల్ ధ్రువపత్రాలు సర్వరులో ఒక చిన్న బ్యాటరీ ఆధారంగా నిలుస్తాయి. నెలల తరబడి కరెంటు లేకుండా ఉంచితే బ్యాటరీ అయిపోయి అవి చెరిగిపోతాయి. అప్పుడు దాన్ని కంపెనీకి పంపడమే, ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. ప్రొజెక్టర్‌లోనూ అలాంటి బ్యాటరీయే ఉంది. రెండు వారాలకొకసారి రెండింటినీ ఆన్ చేసి కొన్ని గంటలు ఉంచండి, దీపం వెలిగించనక్కర్లేదు. బూత్‌లో చిన్న హీటరు పెట్టి తేమ చేరకుండా చూడండి, గడ్డకట్టే చలిలో ఉన్న యంత్రాన్ని గది వేడెక్కాకే ఆన్ చెయ్యండి. పొగగొట్టం మూతకు ఎలుకల జాలి కట్టండి. తెర రేకుల బోల్టులు మంచు పడేలోపు బిగించండి, వదులు రేకును జనవరి గాలి ఊడదీస్తుంది. క్యాంటీన్ నీళ్ళ గొట్టాలు ఖాళీ చెయ్యండి.

బూత్ గోడకు ఒక కేలండర్ తగిలించి, రెండు వారాలకొక ఆదివారం చొప్పున సున్నా చుట్టి, పక్కనే పెన్ను దారంతో కట్టి ఉంచండి. ఎవరు ఆన్ చేస్తే వాళ్ళ పేరు, ఎన్ని గంటలో రాయాలి.